అభిమానించే ఇలస్ట్రేటర్లను వారి వృత్తి గురించి ఇంటర్వ్యూ చేయాలనుకుంటున్నాను: ఏమి అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న: డిజైన్ విద్యార్థిని

నమస్కారం. నేను డిజైన్ కోర్సులో మూడవ సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది సమర్పించవలసిన అధ్యయనం కోసం, చిన్నప్పటి నుంచి నేను అభిమానిస్తూ వచ్చిన ఇలస్ట్రేటర్లలో 10 మందితో మాట్లాడి, వారు ఈ వృత్తిలోకి ఎలా వచ్చారో, వచ్చాక ఇన్నేళ్లు ఎలా నిలబడ్డారో రాయాలని నిర్ణయించుకున్నాను. వారిలో కొందరు పిల్లల పుస్తకాలకు, కొందరు పత్రికల్లోని కథలకు, వ్యాసాలకు బొమ్మలు వేస్తారు. ఇద్దరు ముఖచిత్రాలకే ప్రత్యేకంగా పేరు పొందినవారు. వీరిలో ఒక్కరితో కూడా నాకు ముఖపరిచయం లేదు.

25 ప్రశ్నలతో ఒక జాబితా తయారు చేసుకొని, దానిని అందరికీ ఒకేసారి ఈమెయిల్‌లో పంపి, జవాబులు రాసి ఇమ్మని అడుగుదామనుకున్నాను. మీకు స్ఫూర్తి ఎవరు, మీ శైలి ఎలా ఏర్పడింది, మంచి ఇలస్ట్రేటర్‌కు ఉండవలసిన లక్షణాలు ఏమిటి, కొత్తవారికి మీరిచ్చే సలహా ఏమిటి: ఇదీ ఆ జాబితా తీరు. మా గైడ్ గారు దానిని ఆసాంతం చదివి, "వీటిలో సగం ప్రశ్నలకు వారు ఏం చెబుతారో నువ్వే రాసేయగలవు కదమ్మా, మరి వారిని అడగడం ఎందుకు?" అన్నారు. ఆ రాత్రి నిజంగానే ప్రయత్నించాను. నాకు అందరికన్నా ఇష్టమైన ఒక చిత్రకారిణి పేరు పైన రాసుకొని, ఆమె చెప్పబోయే జవాబులను ఊహించి రాస్తే, 14 ప్రశ్నలకు నమ్మదగిన జవాబులే వచ్చాయి. ఆ తరువాత ఆ జాబితాను మళ్లీ తెరవలేదు.

ఎదుటివారు ఇదివరకు పదిచోట్ల చెప్పిన మాటలనే తిరిగి చెప్పకుండా, తమ వృత్తి నిజంగా ఎలా నడిచిందో చెప్పాలంటే ఎలాంటి ప్రశ్నలు వేయాలి? పారితోషికం సంగతి అడగవచ్చా? పరిచయం లేనివారికి మొదటి ఉత్తరం ఎలా రాయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చిత్రకారిణి

నేను ఈ పనిలో 17 ఏళ్లుగా ఉన్నాను. మీరు పంపాలనుకున్నటువంటి ఉత్తరాలు నాకు ఏటా కొన్ని వస్తూనే ఉంటాయి కనుక, వాటిని అందుకునే మనిషిగా చెబుతాను. 25 ప్రశ్నలున్న ఉత్తరాన్ని తెరిచినప్పుడు నాకు విసుగు రాదు. ఇంత శ్రద్ధగా అడిగిన అమ్మాయికి శ్రద్ధగానే జవాబు రాయాలనిపిస్తుంది. ఆ శ్రద్ధకు తగిన తీరిక వచ్చే ఆదివారం దొరుకుతుందని పక్కన పెడతాను. ఆ ఆదివారం రాదు. నాలుగు నెలల తరువాత ఆ ఉత్తరం మళ్లీ కంటబడితే, ఇప్పుడు రాస్తే ఏం బాగుంటుందని సిగ్గుపడి ఊరుకుంటాను. నాకు తెలిసిన చిత్రకారులు చాలామంది ఇలాంటివారే. జవాబు రాకపోతే మిమ్మల్ని చిన్నచూపు చూశారని అనుకోవద్దు.

ఒక విద్యార్థి మాత్రం ఒకే ఒక ప్రశ్న పంపాడు. నేను చాలాకాలం క్రితం బొమ్మలు వేసిన ఒక పుస్తకంలో, చివరి రెండు పేజీల వరకు పాప ముఖం ఎక్కడా పూర్తిగా కనిపించదని, అది కావాలని చేసినదా అని అడిగాడు. అది కావాలని చేసినది కాదు. మొదట వేసిన ముఖం ప్రచురణకర్తకు నచ్చలేదు, రెండవది రచయితకు నచ్చలేదు, గడువు దగ్గర పడింది, నేను విసిగిపోయి పాపను వెనుక నుంచి గీసి పంపాను. అదే పుస్తకానికి ప్రాణమని తరువాత అందరూ అన్నారు. ఈ సంగతి అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనుక. ఆ రోజు అతనితో ఫోన్‌లో గంటన్నర మాట్లాడాను. ఆ పుస్తకం నాకెలా వచ్చింది, అప్పుడు నా చేతిలో వేరే పనులేమున్నాయి, ఎన్ని రఫ్‌లు (తుది బొమ్మకు ముందు గీసే చిత్తు బొమ్మలు) వేశాను, డబ్బు ఎప్పుడు చేతికి వచ్చింది, ఆ తరువాత ఎవరు పిలిచారు, ఇవన్నీ ఆ ఒక్క బొమ్మను పట్టుకొని వరుసగా బయటికి వచ్చాయి. మీ శైలి ఎలా ఏర్పడిందని అడిగి ఉంటే, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పేదాన్ని.

కాబట్టి నా సలహా ఇదొక్కటే: మనిషిని గురించి అడగకండి, ఆ మనిషి చేసిన ఒక పనిని గురించి అడగండి. ఒక్కొక్కరి పనిలో నుంచి మూడు బొమ్మలు ఎంచుకోండి. ఒకటి తొలినాళ్లది, ఒకటి వారికి పేరు తెచ్చినది, ఒకటి ఎవరూ పెద్దగా మాట్లాడుకోనిది. ఆ మూడవది మరచిపోవద్దు, ఎందుకంటే దాని గురించి వారి దగ్గర సిద్ధంగా దాచుకున్న జవాబు ఉండదు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి ఏమీ కాదు. ఫ్రాన్స్ దర్శకుడు త్రుఫో 1962లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌తో వారం రోజుల పాటు కూర్చున్నప్పుడు, ఆయన తీసిన చిత్రాలను మొదటి నుంచి ఒక్కొక్కటిగా ముందు పెట్టి, ఈ సన్నివేశం ఇలా ఎందుకు వచ్చిందని అడుగుతూ పోయాడు. త్రుఫోకు అప్పటికి 30 ఏళ్లు, తీసిన పూర్తి నిడివి చిత్రాలు మూడే. ఇద్దరి మధ్యా భాష కలవక దుబాసీ కూడా కావలసి వచ్చింది. అయినా అంత పెద్దమనిషి అన్ని గంటలు మాట్లాడారంటే, అడిగినవాడు ప్రతి చిత్రాన్నీ అంత నిశితంగా చూసి రావడమే అందుకు కారణమని నేను నమ్ముతాను.

మొదటి ఉత్తరం ఎనిమిది వాక్యాలు దాటకూడదు. మీరెవరు, ఏం చదువుతున్నారు, వారి పనుల్లో ఏ బొమ్మ మిమ్మల్ని ఈ ఉత్తరం రాసేలా చేసింది, ఎంత సమయం కావాలి, మాటలు ఎక్కడ అచ్చవుతాయి లేదా ఎవరు చదువుతారు, అంతే. "వీలు కాకపోతే ఒక్క మాట రాసినా చాలు, నేను అర్థం చేసుకుంటాను" అని చివర చేర్చండి. కాదనే వీలు ఇచ్చినవారికి అవుననడం తేలిక. ఇక 10 మంది మీకు ఎక్కువ. నలుగురి పనిని క్షుణ్ణంగా చూసి వెళితే, ఆ నలుగురే మిమ్మల్ని అయిదవవారి దగ్గరకు పంపుతారు.

సమాధానం: పత్రికలో ఆర్ట్ ఎడిటర్‌గా పనిచేసి విరమించినవారు

పైన చిత్రకారిణిగారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, వారు తాకని ఒక చిక్కును ప్రస్తావిస్తాను. చాలా ఏళ్లు బొమ్మలు వేయించుకునే కుర్చీలో కూర్చున్నాను కనుక, ఒక చిత్రకారుడి వృత్తి జీవితం జరుగుతున్నప్పుడు ఎలా ఉంటుందో చూశాను. పదేళ్ల తరువాత అదే మనిషి దానిని సభలో చెబుతుంటే కూడా విన్నాను. రెండూ ఒకటి కావు. ఇందులో అబద్ధమేమీ లేదు. చెప్పగా చెప్పగా కథ నున్నబడుతుంది. కాకతాళీయంగా జరిగినది నిర్ణయంలా వినిపిస్తుంది, ఖాళీగా గడిచిన రెండేళ్లు అసలు వినిపించవు. మీరు వెళ్లేది ఆ ఖాళీ సంవత్సరాల కోసమే అని గుర్తు పెట్టుకోండి.

అందరికీ తెలిసిన జీవితాలనే చూడండి. ఎరిక్ కార్ల్ పేరు చెప్పగానే రంగు కాగితాలు కత్తిరించి అతికించిన పిల్లల పుస్తకాలే గుర్తుకు వస్తాయి. కానీ ఆయన చాలా ఏళ్లు ప్రకటనల రంగంలో పనిచేశారు, ఒక ప్రకటన కోసం వేసిన ఎర్రటి లాబ్‌స్టర్ బొమ్మను రచయిత బిల్ మార్టిన్ చూసి పిలిచిన తరువాతనే, 1967లో, 38 ఏళ్ల వయసు నాటికి ఆయన మొదటి బొమ్మల పుస్తకం పిల్లల చేతికి వచ్చింది. బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు కథను ప్రచురణకర్తలు కాదన్నాక, 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించుకున్నారు. మరుసటి ఏడాది ఆ పుస్తకాన్ని తీసుకున్న సంస్థ రంగుల్లో బొమ్మలు కావాలన్నందునే ఆమె వాటిని రంగుల్లో మళ్లీ వేశారు. ఈ రోజు మనం ఆమె శైలి అని పిలుచుకునే దానిలో ఒక ప్రచురణకర్త పెట్టిన షరతు కూడా ఉందన్నమాట. మన బాపు గారు చదివినది న్యాయశాస్త్రం. పిల్లల పుస్తకాల బొమ్మలకు పేరు పొందిన బ్రిటిష్ చిత్రకారుడు క్వెంటిన్ బ్లేక్ విశ్వవిద్యాలయంలో చదివినది ఆంగ్ల సాహిత్యం. "మీరు ఈ వృత్తిని ఎందుకు ఎంచుకున్నారు?" అనే ప్రశ్న, ఎంచుకోవడం అనేది ఒకటి జరిగిందని ముందే నిర్ణయించేస్తుంది. దానికి బదులు, "బొమ్మలు వేయగా వచ్చిన డబ్బుతో మొదటిసారి ఒక నెల గడిచింది ఎప్పుడు? అంతకు ముందు ఎలా గడిచేది?" అని అడిగి చూడండి.

ప్రవేశం గురించి అందరూ అడుగుతారు, నిలకడ గురించి, మార్పు గురించి ఎవరూ అడగరు. చందమామలో విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి మనందరి కళ్లకూ కట్టిన శంకర్ గారు సుమారు ఆరు దశాబ్దాలు ఆ ఒక్క పత్రికకే బొమ్మలు వేశారు. నార్మన్ రాక్‌వెల్ 1916 నుంచి 1963 వరకు, 47 ఏళ్లు, ఒకే వారపత్రికకు ముఖచిత్రాలు వేసి, దాదాపు 70 ఏళ్ల వయసులో దానిని వదిలి వేరొక పత్రికకు వెళ్లి, మరుసటి ఏడాదే ఒక నల్లజాతి బాలిక ప్రభుత్వ భద్రతాధికారులైన మార్షల్స్ రక్షణలో బడికి నడిచి వెళుతున్న చిత్రాన్ని ప్రచురించారు. ఒకరు ఉండిపోయారు, ఒకరు వెళ్లిపోయారు. మీరు కలవబోయేవారిలో ప్రతి ఒక్కరికీ అలా ఉండిపోయిన లేదా వెళ్లిపోయిన సందర్భం ఒకటైనా ఉంటుంది. "మీరు ఏ పనిని వద్దన్నారు? ఎవరితో పనిచేయడం మానేశారు? ఆ తరువాత ఆరు నెలలు ఎలా గడిచాయి?" ఈ మూడు ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వేస్తే మీ 25 ప్రశ్నలకన్నా ఎక్కువ తెలుస్తుంది.

డబ్బు సంగతి తప్పకుండా అడగండి. అయితే "మీకెంత ఇస్తారు?" అని కాదు. రాబడి ఏయే దారుల్లో వస్తుంది, వాటిలో ఏది పెద్దది, పదేళ్ల క్రితం కూడా అదే పెద్దదా, ఒక బొమ్మను రెండవసారి వాడుకుంటే మళ్లీ డబ్బు వస్తుందా, ఒప్పందంలో ఏ మాట చూసి సంతకం ఆపారు: ఇలా అడిగితే, అంకెలు చెప్పడం ఇష్టం లేనివారు కూడా లెక్క ఎలా నడుస్తుందో చెబుతారు. పేరుకూ రాబడికీ ఎప్పుడూ పొంతన ఉండదు. న్యూయార్క్ మీద ప్రేమను ఒక ఎర్ర హృదయంతో చెప్పిన గుర్తును ప్రపంచమంతా ఎరుగుదురు. దానిని 1970లలో రూపొందించిన మిల్టన్ గ్లేసర్ అందుకు రుసుము తీసుకోలేదు. మీ తోటి విద్యార్థులకు మీ అధ్యయనంలో అన్నిటికన్నా ఉపయోగపడే భాగం ఇదే అవుతుంది, ఎందుకంటే దీని గురించి తరగతిలో మాట్లాడేవారు తక్కువ.

మరొక్క మాట. మీ జాబితాలో ఉన్నవారందరూ నిలబడినవారే. నిలబడినవారు తమను నిలబెట్టినది పట్టుదల అంటారు. అంతే పట్టుదల ఉండి కూడా వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. మంచి చేతి పని ఉన్నవారు, గడువు తప్పనివారు. కనీసం ఒకరినైనా, ఈ పనిని వదిలి వేరొకటి చేసుకుంటున్నవారిని మీ నలుగురిలో చేర్చండి. వారిని సానుభూతితో కాక, మిగిలిన ముగ్గురినీ అడిగిన ప్రశ్నలతోనే అడగండి.

సమాధానం: మౌఖిక చరిత్రలు సేకరించే పరిశోధకుడు

మీ గైడ్ గారు లేవనెత్తిన అభ్యంతరానికి పరిశోధన పద్ధతుల్లో పాత జవాబు ఒకటి ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లానగన్, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైనిక విమానదళంలో తాను చేసిన పని ఆధారంగా 1954లో వివరించిన పద్ధతి అది. మంచి పైలట్ లక్షణాలేమిటని అడిగితే అందరూ మంచి మాటలే చెబుతారు; పని బాగా సాగిన లేదా చెడిపోయిన ఒక నిర్దిష్ట సంఘటనను చెప్పమని, అప్పుడు ఎవరు ఏం చేశారో చెప్పమని అడిగితే, పనికి నిజంగా ఏం కావాలో ఆ సంఘటనల్లో నుంచి మనమే ఏరుకోవచ్చు. మీ జాబితాలోని "మంచి ఇలస్ట్రేటర్‌కు ఉండవలసిన లక్షణాలు" అనే ప్రశ్న వారు జవాబు చెప్పవలసినది కాదు, వారి మాటలన్నీ విన్నాక మీరు జవాబు చెప్పవలసినది.

ఇక కూర్చొని మాట్లాడే విధానం. ఈమెయిల్‌లో జవాబులు వద్దు. రాసేటప్పుడు మనిషి దిద్దుకుంటాడు. కలవడం కుదరకపోతే వీడియో కాల్ మంచిది, ఎందుకంటే పాత స్కెచ్ పుస్తకాన్ని కెమెరా ముందు తిప్పి చూపించమని అడగవచ్చు. గంటకు మించి సమయం అడగవద్దు. మొదటి ప్రశ్న సులభంగా, పొడవైన జవాబు వచ్చేలా ఉండాలి. "నిన్న ఉదయం నుంచి ఏ పని మీద ఉన్నారు?" అనేది నేను తరచుగా వాడే ప్రశ్న. జవాబు ముగిసిందనిపించినప్పుడు వెంటనే తరువాతి ప్రశ్నకు పోకుండా, మనసులో అయిదు లెక్కపెట్టండి. చెప్పాలా వద్దా అని వారు తూచుకుంటున్న మాట ఆ అయిదు అంకెల్లోనే బయటికి వస్తుంది. అభిమానులకు ఇది కష్టం. నిశ్శబ్దం రాగానే పొగడ్తతో నింపేస్తారు. మీ అభిమానాన్ని ఉత్తరంలో ఒక వాక్యంగా చెప్పేసి, సంభాషణలో దాని జోలికి పోకండి.

రికార్డు చేసే ముందు అనుమతి అడగండి, ఆ అనుమతి కూడా రికార్డులో వినిపించేలా చూడండి. రెండు పరికరాల మీద రికార్డు చేయండి. ఫోన్ వాడితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో వచ్చిన కాల్ రికార్డింగును ఆపేయవచ్చు. గంట మాటలను అక్షరం పొల్లుపోకుండా రాయడానికి కొత్తవారికి నాలుగు గంటలకు పైనే పడుతుందని ముందే లెక్క వేసుకోండి. యంత్రం చేత రాయించినా, పేర్లూ అంకెలూ ఒకసారి విని సరిచూసుకోక తప్పదు. మాట్లాడడానికి ఇచ్చిన అనుమతి బొమ్మలు వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి కాదు. బొమ్మల హక్కు చిత్రకారుడి దగ్గర కాక ప్రచురణకర్త దగ్గర ఉండవచ్చు కనుక, ఏ బొమ్మ, ఎక్కడ, ఎంత కాలం అనేది విడిగా రాతలో తీసుకోండి.

అచ్చుకు ముందు, మీరు వాడుకోబోయే మాటలను వారికి పంపి చూపించండి. పూర్తి ప్రతిని పంపాలా, వాడుకునే భాగాలను మాత్రమేనా అన్నది వాదన ఉన్న విషయం. నేను పూర్తి ప్రతిని పంపుతాను. మాట ఇచ్చినది వారు, వెనక్కు తీసుకునే హక్కు కూడా వారిదే.

సమాధానం: ఆర్ట్ ఎడిటర్‌గా పనిచేసి విరమించినవారు

చివరి మాటతో మాత్రం నేను విభేదిస్తాను. పూర్తి ప్రతిని చేతికిస్తే, నోటితో చెప్పిన మంచి వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో సభల్లో చెప్పే వాక్యాన్ని రాసి పంపుతారు. ఇలా జీవం పోయిన సంభాషణలను నేను అచ్చు వేశాను, ఇప్పటికీ బాధపడతాను. పేర్లు, సంవత్సరాలు, అంకెలు సరిచూడమనండి. ఇతరుల గురించి అన్న మాటలను తీసేయమంటే వెంటనే తీసేయండి. వాక్యాల తీరు మాత్రం మీ బాధ్యత అని మొదటి రోజే చెప్పండి.

సమాధానం: డిజైన్ విద్యార్థిని

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ సమాధానాలు చదివాక జాబితాను పక్కన పెట్టి, నలుగురినే ఎంచుకున్నాను. నాలుగవవారు ఆరేళ్లు ముఖచిత్రాలు వేసి, ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్న ఒక చిత్రకారుడు. ఆయన ఎందుకు కనిపించడం లేదని నేను చాలాసార్లు అనుకున్నాను కానీ, అడగవచ్చునని తోచలేదు. ఒక్కొక్కరికి మూడేసి బొమ్మలు ఎంచుకోవడానికి రెండు రోజులు పట్టింది. అభిమానించేవారి పనిని ఇంతవరకు నేను చూడలేదని, ఇష్టపడ్డాను అంతేనని ఆ రెండు రోజుల్లో తెలిసింది. నేను ప్రాణంగా చూసుకునే ఒక పుస్తకంలో, మధ్య పేజీల్లోని గీత మిగిలిన పేజీల గీతకన్నా బరువుగా ఉందని మొదటిసారి గమనించాను. ఆ చిత్రకారిణికి రాసే ఉత్తరంలో దానినే అడుగుతున్నాను.

ఒక సందేహం మిగిలింది. కృత్రిమ మేధతో బొమ్మలు తయారు చేస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్న అడగకుండా ఉండలేను. అడిగితే అందరూ అదే కోపమో అదే భయమో చెబుతారేమోనని జంకుతున్నాను.

సమాధానం: పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే చిత్రకారిణి

దానిని కూడా పనిగానే అడగండి. కృత్రిమ మేధ గురించి మీ అభిప్రాయం ఏమిటంటే నేను అభిప్రాయమే చెబుతాను. గత ఏడాది మీకు రావడం ఆగిపోయిన పనులు ఏవైనా ఉన్నాయా, ఒప్పందాల్లో కొత్తగా చేరిన షరతు ఏదైనా ఉందా, రఫ్‌లు పంపే పద్ధతిలో ఏమైనా మార్చుకున్నారా అని అడిగితే మాత్రం, ఫైలు తెరిచి చూసి చెప్పవలసి వస్తుంది. ఆ ప్రశ్నను చివరకు ఉంచండి. ముందే అడిగితే మిగిలిన గంటంతా దాని నీడ పడుతుంది.

ఆ బరువైన గీత సంగతి ఆమె ఏం చెప్పారో తెలిశాక, ఆమె ఒప్పుకుంటే ఇక్కడ రాయండి. గీత అలా మారడానికి నాకు తెలిసిన కారణాలు రెండు మూడు ఉన్నాయి కానీ, మీరు అడగకముందే వాటిని చెప్పను.